మన పెద్దవాళ్ళ కోసం 19న దీపాలు

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మన ఊళ్ళో ముగ్గురు పెద్దవాళ్ళు కాలం చేశారు. ముగ్గురూ 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళే. వలలు అల్లే తాతయ్య ఆ రాత్రంతా తుమ్మచెట్టు పట్టుకుని వేలాడాడు. ముళ్ళు దిగిన మచ్చలు చివరిదాకా అరచేతుల్లో ఉన్నాయి. చిన్నప్పుడు మన చేత తడిమించేవాడు, గుర్తుందా? రేవు పక్కింటి మామ్మగారు ఇద్దరు పిల్లల్ని నీళ్ళలో పోగొట్టుకుని కూడా ఊళ్ళో ఎందరికో పురుళ్ళు పోశారు. నేనూ ఆ చేతుల్లోనే పడ్డాను. మాస్టారి సంగతి చెప్పక్కర్లేదు, మనకి అక్షరాలు దిద్దించింది ఆయనే.

19న సాయంత్రం రామాలయం దగ్గర దీపాలు పెడదాం, రండి. వాళ్ళ ఫొటోలు, గొంతు రికార్డింగులు ఉంటే ఇక్కడ పెట్టండి. తాతయ్యది నా దగ్గర ఒక్కటీ లేదు.