గొళ్లెం పెట్టడం రాశావు, తియ్యడం రాయలేదు

ఒరే పెద్దా,

ఇకమీదట నీకిదే పేరు. చర్చిలో సంఘపెద్దవయ్యావు కదా, మన చివరి బెంచీ ఖాళీ చేశావా, లేక అక్కణ్నుంచే పాలిస్తున్నావా?

ఆలస్యానికి తిట్టుకునే ఉంటావు. తిట్టుకో. నీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది, మూడుసార్లు జవాబు మొదలుపెట్టి మూడుసార్లూ చింపేశాను. ఇక్కడంతా క్షేమం, దగ్గు తగ్గింది, నీ పుస్తకం భద్రంగా ఉంది, గొడుగు సంగతి మాత్రం ఎత్తకు. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నువ్వు పంపిన చిత్తుప్రతి, అదే ఆ "సంఘ క్రమశిక్షణ నియమాలు", బాగా రాశావు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉన్నట్టే మెట్లు పేర్చావు: ఒంటరిగా మాట్లాడటం, ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లడం, సంఘానికి చెప్పడం, అప్పటికీ వినకపోతే బయటివాడిగా ఎంచడం. బల్ల, అంటే ప్రభురాత్రి భోజనం, ఎప్పుడు ఆపాలో ఉంది, సభ్యత్వం ఎప్పుడు తీసెయ్యాలో ఉంది, ఎవరెవరు సంతకం పెట్టాలో కూడా ఉంది. రెండో పేజీలో సగం ఖాళీ. ఆ మనిషి తిరిగొస్తేనో? ఒక్క ముక్క లేదు రా! గొళ్లెం ఎలా పెట్టాలో రాశావు, ఎలా తియ్యాలో రాయలేదు.

నీ ఒక్కడి తప్పు కాదులే. ఇలాంటి నియమాల్లో చాలావాటికి ఆ సగం పేజీ ఖాళీగానే ఉంటుంది. "మారుమనస్సు పొందితే చేర్చుకోవచ్చు" అని ఒక వాక్యం తగిలిస్తారు, అంతే. ఎవరు చూడాలి, ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి? ఏమీ ఉండదు. దాంతో ఏమవుతుందంటే... ఆగు, ముందు నన్ను పట్టుకుని వదలని వాక్యం చూపించాలి.

కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 2వ అధ్యాయం తియ్యి. ఒకణ్ని సంఘం శిక్షించింది. అతను కుంగిపోతున్నాడు. పౌలు "ఈ శిక్షయే చాలును" అంటాడు, క్షమించి ఆదరించమంటాడు, లేకపోతే ఆ మనిషి దుఃఖంలో మునిగిపోతాడంటాడు. (ఇతను మొదటి పత్రిక 5వ అధ్యాయంలోని మనిషేనా కాదా అని పాత పేచీ ఒకటి ఉంది, కాదని తొలినాళ్ల క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ ఏనాడో వాదించాడు. ఎవరైనా మన లెక్క మారదు.) ఆ తర్వాత 8వ వచనం: "మీ ప్రేమను స్థిరపరచవలెనని" బతిమాలుతున్నాను అని. ఇన్నాళ్లూ దీన్ని భుజం తట్టి "ఏం పర్లేదులే" అనడం అనుకుంటూ చదివేస్తాం కదా? ఆ "స్థిరపరచు" అనే గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో రెండే చోట్ల ఉంది. రెండోది గలతీ 3:15, మనిషి చేసిన ఒడంబడిక స్థిరపడ్డాక ఎవడూ దాన్ని కొట్టెయ్యడు అన్న చోట. పత్రం మీద ముద్ర పడటం లాంటి మాట! తెలుగు బైబిలులోనూ రెండు చోట్లా "స్థిర" అనే ఉంది, మన కళ్లెదుటే.

అర్థమైందా? 6వ వచనంలో శిక్ష "ఎక్కువమంది" వల్ల పడింది, అంటే నలుగురూ కూడి చేసిన పని. ప్రేమను స్థిరపరచడం కూడా అలాగే నలుగురూ కూడి, నిర్ణయంగా, ముద్ర వేసినట్టు చెయ్యాలి. బయటికి పంపడానికి తీర్మానం, లోపలికి రావడానికి నవ్వు సరిపోతుందా? సరిపోదు. ఎందుకంటే నవ్వు రేపు మారుతుంది. తీర్మానం మారదు.

ఇప్పుడు నీ ఖాళీ సగం పేజీ నింపుదాం.

బల్ల ఆపిన రోజునే, ఇది గట్టిగా చెబుతున్నాను, ఆ రోజునే ఒక కాగితం రాయాలి. వారం తర్వాత కాదు, అప్పటికి ఒక్కొక్కరికి ఒక్కోలా గుర్తుంటుంది. అరపేజీ చాలు. అందులో మొదట చేసిన పని, పనిగానే. "అహంకారి" అని రాయకు, "సంఘం డబ్బు చెప్పకుండా వాడుకున్నాడు" అని రాయి. గుణం రాస్తే అది మారిందో లేదో ఎవడూ తేల్చలేడు, పని రాస్తే తేలుతుంది. తర్వాత ఏది మూసి ఉందో (బల్ల, పరిచర్య, ఓటు), ఏది తెరిచి ఉందో (ఆరాధనకు రావడం, వాక్యం వినడం, ప్రార్థన). ఈ తెరిచి ఉన్నవి రాయకపోతే ఆ మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు, మనవాళ్లేమో "చూశారా, రావడమే మానేశాడు" అంటారు. తర్వాత అతన్ని కలుస్తూ ఉండాల్సిన ఇద్దరి పేర్లు. ఇద్దరే, అందరూ కాదు. అందరి పని అంటే ఎవరూ చెయ్యరు. ఆ ఇద్దరిలో ఒకరైనా అతనికి ఇష్టమైనవాడై ఉండాలి, నేరం మోపినవాడు మాత్రం ఉండకూడదు. ఆఖరున మళ్లీ కూర్చునే తేదీ. తేదీ లేని శిక్ష మరిచిపోయిన శిక్ష. పెద్దలు మారిపోతారు, మినిట్స్ పుస్తకం మారిపోతుంది, ఆ మనిషి పదేళ్లయినా "ఆపబడిన" వాడుగానే మిగులుతాడు, ఎందుకో ఎవరికీ గుర్తుండదు.

పాతవాళ్లు దీంట్లో మనకంటే నయం రా. 325లో అధ్యక్షులు (బిషప్పులు) కూడిన నైసియా సభ 11వ నియమం చూడు, బలవంతం లేకుండానే విశ్వాసం వదిలేసినవాళ్ల గురించి: 3 ఏళ్లు వాక్యం వినేవాళ్ల మధ్య, 7 ఏళ్లు మోకరించేవాళ్ల మధ్య, ఇంకో 2 ఏళ్లు బల్ల తప్ప ప్రార్థనలన్నిటిలో. మొత్తం 12 ఏళ్లు! భయంకరమే, నేను సమర్థించడం లేదు. కానీ మొదటి రోజే చివరి రోజు తెలుసు. పైగా 12వ నియమంలో, మార్పు క్రియల్లో కనబడితే అధ్యక్షుడు దయ చూపించవచ్చని ఉంది. 13వ దాంట్లో, చనిపోయే స్థితిలో ఉన్నవాడికి బల్ల నిరాకరించకూడదని ఉంది. జెనీవాలో సంస్కర్త కాల్విన్ కాలంలో ప్రభురాత్రి భోజనం ఏడాదికి 4 సార్లే. అంటే ఒకసారి ఆపినా, వచ్చేసారికి అతని సంగతి చూడమని క్యాలెండరే గుర్తు చేస్తుంది.

ఇక ఏం చూడాలి? నువ్వు "కన్నీటితో ఒప్పుకోవాలి" అని రాశావు. ఆ "కన్నీటితో" కొట్టెయ్. కొందరికి కన్నీళ్లు కుళాయిలా వస్తాయి (ఎవరో చెప్పనక్కర్లేదు), కొందరికి అస్సలు రావు. అదే పత్రిక 7:11లో పౌలు 7 గుర్తులు ఇస్తాడు, అన్నీ కదిలే గుర్తులే: ఆసక్తి, దోషనివారణ, ఆగ్రహం, భయం అంటూ పోతుంది జాబితా. పనిలో పెట్టి చూస్తే ఇలా ఉంటుంది. పట్టుబడినదానికంటే ఎక్కువ తనంతట తాను చెప్పాడా? "మీకు బాధ కలిగి ఉంటే" అనకుండా "నేను ఇది చేశాను" అన్నాడా? పడిన చోటికి దారి మూసుకున్నాడా? శిక్ష ఎక్కువైందని బేరం ఆడటం మానేశాడా? డబ్బు సంగతైతే తిరిగి కట్టాడా? మోషే ధర్మశాస్త్రంలో అసలుకి అయిదో వంతు కలిపి ఇమ్మని ఉంది, సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. అంత అడగమనడం లేదు, కానీ పైసా తిరిగి ఇవ్వకుండా పాట పాడితే అది మారుమనస్సు కాదు.

ఇంకో చిక్కు. బల్ల వేరు, పదవి వేరు. క్షమించాం కదా అని కోశాధికారికి మళ్లీ తాళాలు ఇవ్వడం, బోధకుణ్ని వచ్చే ఆదివారమే ప్రసంగ వేదిక ఎక్కించడం ప్రేమ కాదు, తొందర. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో అధ్యక్షుడికి ఉండాల్సినవి చదువు, బయటివాళ్ల దగ్గర మంచి పేరు కూడా అందులో ఉంది, అది ఒక ప్రార్థనతో తిరిగి రాదు. బల్ల త్వరగా తెరవవచ్చు. పదవి ఆలస్యంగా, కొన్నిసార్లు ఎప్పటికీ కాదు. ఇది ఆ కాగితంలోనే రెండు వేర్వేరు వరసల్లో రాయి, లేకపోతే "సగమే క్షమించారు" అని గొడవ.

చేర్చుకునే రోజు. ఎంతమంది ముందు ఆపారో అంతమంది ముందే చేర్చుకోవాలి. వెలి వేసేది మైకులో, చేర్చుకునేది వెనక గదిలో, ఇదెక్కడి న్యాయం? పెద్దలకే తెలిసిన తప్పయితే పెద్దల గదిలోనే, సంఘానికి చెప్పినదైతే సంఘం ముందు. వివరాలు మళ్లీ తవ్వకూడదు, పాపం పేరు కూడా చెప్పనక్కర్లేదు, "ఫలానా సహోదరుణ్ని బల్లకు చేర్చుకుంటున్నాం" అని ఒక్క మాట, లేచి నిలబడటం, ప్రార్థన. ఆ ఆదివారం ఎవరో ఒకరు వెళ్లి అతని పక్కన కూర్చోవాలి, ఇది ముందే చెప్పి ఉంచు. అటూ ఇటూ ఖాళీ కుర్చీలుంటే ఆ ప్రకటన అబద్ధమైపోతుంది. మినిట్స్‌లో "ముగిసింది" అని రాసి తేదీ వెయ్యి. తర్వాత ఏ గొడవలోనైనా ఎవడైనా పాతది ఎత్తితే, అప్పుడు తప్పు ఎత్తినవాడిది.

కోపం వచ్చేస్తోంది రాస్తుంటే. ఎందుకంటే మనం రెండో వైపు కూడా పడతాం. 250లో రోమా చక్రవర్తి డెసియస్ దేవతలకు బలులు అర్పించమన్నప్పుడు ఎంతోమంది లొంగిపోయారు. తర్వాత రోములో నొవేషియన్ వర్గం అలాంటివాళ్లని సంఘం తిరిగి చేర్చుకోకూడదంది, తమకు "శుద్ధులు" అని పేరు పెట్టుకుంది. అదే సమయంలో కార్తేజీలో హింస భరించిన కొందరు లొంగిపోయినవాళ్లకి క్షమాపణ చీటీలు ఎడాపెడా రాసిచ్చేస్తుంటే అక్కడి అధ్యక్షుడు సిప్రియన్ తల పట్టుకున్నాడు. 251లో అక్కడి అధ్యక్షులు కూర్చుని ఒక్కొక్కరి సంగతి విడివిడిగా చూడాలని తేల్చారు. శుద్ధులూ కావద్దు, చీటీలూ పంచొద్దు. మన చివరి బెంచీ తీర్మానం కూడా ఇంచుమించు ఇదే కదా, గుర్తుందా?

శుద్ధి అంటే గుర్తొచ్చింది. పులిసిన పిండి కొంచెమైనా ముద్దంతా పులియజేస్తుందన్న వచనాన్ని నువ్వు వ్యభిచారానికీ తాగుడుకీ మాత్రమే వాడావు. మొదటి కొరింథీ 5:11లో 6 రకాలవాళ్లున్నారు: జారుడు, లోభి, విగ్రహారాధకుడు, తిట్టుబోతు, త్రాగుబోతు, దోచుకొనువాడు. లోభిని బల్లకు ఆపిన సంఘం పేరు ఒక్కటి చెప్పు చూద్దాం. తిట్టుబోతుని? వాడికి సాధారణంగా కమిటీలో చోటిస్తాం.

మొదటి మెట్ల గురించి గబగబా. ఒంటరిగా అంటే ఒంటరిగానే, "ప్రార్థన అంశం" అని ముందే పదిమందికి చెప్పేసి వెళ్లడం కాదు. చాడీకి అంత పవిత్రమైన ముసుగు ఇంకోటి లేదు. రెండో మెట్టులో వచ్చేవాళ్లు నీ పక్షం వకీళ్లు కాదు, మాటలకు సాక్షులు, తప్పు నీదేనని వాళ్లు తేల్చవచ్చు కూడా. మత్తయి 18లో నీ సహోదరుణ్ని "సంపాదించుకొంటివి" అన్న మాట వర్తకుడి లాభం మాట, గెలుపు మాట కాదు. గలతీ 6:1లో మన తెలుగులో "మంచి దారికి" అన్న చోట ఉన్న గ్రీకు మాటే మార్కు 1:19లో వలలు బాగుచేసుకోవడానికి వాడారు. చినిగిన వలని ఎవడూ కొరడాతో కొట్టడు.

కానీ ఒకటి, దీన్ని ఎర్ర సిరాతో రాయి. పిల్లల మీద, ఆడవాళ్ల మీద దౌర్జన్యం జరిగితే బాధితురాల్ని "ముందు ఒంటరిగా వెళ్లి గద్దించు" అని పంపకూడదు. ఆ వచనం దానికి కాదు. అది నేరం, ముందు పోలీసులు, ఆమె భద్రత, తర్వాతే పెద్దల కూటం. "ఇద్దరు ముగ్గురు సాక్షులు" అన్న నియమం చూపించి ఫిర్యాదుని తొక్కిపెట్టడం వాక్యాన్ని దొంగచేతి ఆయుధం చెయ్యడం. క్షమించమని ఆమెని ఒత్తిడి చెయ్యడానికీ పెద్దలకు హక్కు లేదు. చేసినవాడు తర్వాత నిజంగా మారినా, ఆమె కూర్చునే చోటికి అతను రాకుండా చూడటం కూడా...

అయ్యో, టైము చూడలేదు. ఇంకా అప్పీలు సంగతి మిగిలిపోయింది! నైసియా 5వ నియమం: ఒక చోట వెలివేసినవాణ్ని ఇంకోచోట చేర్చుకోకూడదు, నిజమే, నువ్వూ రాశావు. కానీ నువ్వు సగమే రాశావు. అధ్యక్షుడి చిన్నబుద్ధి వల్లో పంతం వల్లో వెలి పడిందేమో ఏడాదికి 2 సార్లు సభ కూడి విచారించాలని కూడా అక్కడే ఉంది. మీ పాస్టరు గారు పొరబడితే ఎవరు వింటారు? పక్క సంఘం పెద్దలిద్దర్ని ముందే మాట్లాడి ఉంచుకో, పేర్లు కాగితంలోనే... తలుపు కొడుతున్నారు, ఈ పూట పోస్టు దాటిపోతే మళ్లీ నెల అంటావు. మిగతాది వచ్చే ఉత్తరంలో. చిత్తుప్రతి అప్పుడే సంతకాలకి పంపకు!

నీ
కరపత్రంగాడు