ముంజేయి బలహీనంగా లేదు, అలిసిపోయి ఉంది

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో ఒక పాఠకుడి ప్రశ్న, దానికి మీరిచ్చిన జవాబు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. బైసెప్స్, అంటే దండ ముందువైపు కండకి వ్యాయామం చేసేటప్పుడు దండ కంటే ముందే ముంజేయి పట్టేస్తోంది, సెట్ మధ్యలోనే రాడ్డు దించేయాల్సి వస్తోంది, ఏం చేయాలి అని ఆయన అడిగారు. మీ జవాబు రెండు ముక్కల్లో అయిపోయింది. ముంజేయి బలహీనంగా ఉంది కాబట్టి మణికట్టు వ్యాయామాలు విడిగా చేయండి, నొప్పి ఎక్కువైతే మాత్ర వేసుకోండి, అంతే. అనంతపురంలో సాయంత్రాలు ఒక జిమ్‌లో కుర్రాళ్లకు నేర్పేవాడిగా చెబుతున్నా, ఈ సలహా మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి పనికిరాదు సరికదా, ఉన్న నొప్పిని ఇంకాస్త ముదరబెడుతుంది.

మా జిమ్‌కి ఎవరెవరొస్తారో ముందు చెప్పాలి. చీనీ (బత్తాయి) మార్కెట్‌లో పొద్దున్నుంచీ లారీలకు కాయలెత్తిన హమాలీలు, టైర్ల షాపులో స్పానర్ తిప్పేవాళ్లు, గ్రానైట్ పలకలు మోసేవాళ్లు, రోజంతా బైకు మీద క్లచ్ నొక్కుతూ బిల్లులు వసూలు చేసేవాళ్లు. కాలేజీ పిల్లలూ వస్తారు, వాళ్ల చేతులు ఫోన్‌కి అతుక్కుని ఉంటాయి, అదీ ఒక పనే అనుకోండి. వీళ్లను పట్టుకుని నీ ముంజేయి బలహీనం అంటే మార్కెట్ యార్డులో పడీపడీ నవ్వుతారు. ఆ చేయి జిమ్ గడప తొక్కేసరికే ఒక షిఫ్టు పూర్తి చేసి వచ్చింది. దానికి మళ్లీ మణికట్టు వ్యాయామం అని ఇంకో నాలుగు సెట్లు తగిలిస్తే ఏమవుతుంది?

అసలు ఎత్తేది దండ అయితే ముంజేయికి అలుపెందుకు అని చాలామంది అడుగుతారు. వేళ్లను ముడిచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడినుంచి తాళ్లలాంటి స్నాయువులు మణికట్టు దాటి వేళ్లలోకి వెళ్తాయి. నమ్మకం లేకపోతే ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడి పిడికిలి బిగించి చూడండి, మీ చేతి కిందే కండ కదులుతుంది. కాబట్టి రాడ్డు పట్టుకున్నంతసేపూ ముంజేయి పనిచేస్తూనే ఉంటుంది, దండ ఎత్తినా దించినా. పైగా కండరం వదలకుండా బిగిసి ఉంటే దాంట్లోని రక్తనాళాలు నొక్కుకుపోతాయి, రక్తం సరిగా ఆడదు, ఆ మంట, ఆ పట్టేయడం అక్కడినుంచే వస్తాయి. మా వాళ్లలో సగం మంది రాడ్డుని తడి బట్ట పిండినట్టు పిండుతారు. జారిపోకుండా ఉండేంత పట్టు చాలు. సెట్ అయ్యాక కూడా రాడ్డు స్టాండు మీద పెట్టకుండా చేతిలోనే వేలాడేసుకుని కబుర్లు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల చేతికీ విశ్రాంతి లేదు, నోటికీ లేదు.

ఇక తిన్నని రాడ్డు సంగతి. బైసెప్స్ పైన రెండు పాయలుగా భుజం పలక దగ్గర మొదలై కింద ముంజేతి రెండు ఎముకల్లో బొటనవేలి వైపు ఉన్నదానికి అతుక్కుంటుంది. అందుకే దానికి రెండు పనులు, మోచేయి మడవడం ఒకటి, అరచేతిని పైకి తిప్పడం ఒకటి. తిన్నని రాడ్డు పట్టుకుంటే రెండు అరచేతులూ పూర్తిగా పైకి తిరిగి అక్కడే బిగుసుకుపోవాలి. అందరి చేయీ అంతగా తిరగదు. పైగా చేతులు కిందికి చాచి నిలబడితే మోచేయి దగ్గర కాస్త బయటికి వంపు అందరికీ ఉంటుంది, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. ఆ వంపుకీ తిన్నని ఇనుముకీ పొసగని తేడా అంతా మణికట్టు మీద, మోచేయి లోపలివైపు మీద పడుతుంది. వంకర్లున్న రాడ్డు, అదే మావాళ్లు ఈజీ రాడ్ అనేది, ఈ బాధ తప్పించడానికే. అది లేకపోతే డంబెల్స్ ఉన్నాయి కదా, వాటితో చేయి తనకు వీలైనంతే తిరుగుతుంది. రాడ్డు మార్చిన రోజే సగం నొప్పి పోయినవాళ్లను చూశాను, వాళ్లకు ఏ మాత్రా ఇవ్వలేదు, ఏ ఎక్సర్‌సైజూ అదనంగా చెప్పలేదు.

మన ఊరి జిమ్‌ల రాడ్ల గురించి ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తా. పోటీల్లో వాడే ఒలింపిక్ రాడ్డు మగవాళ్లది 20 కిలోలు, చేయి పట్టేచోట మందం 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్లది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. దాని రెండు చివర్లలో ప్లేట్లు ఎక్కించే గొట్టాలు, స్లీవ్‌లంటారు, వాటంతట అవి గిర్రున తిరుగుతాయి. మనం రాడ్డు ఎత్తేటప్పుడు మణికట్టు తిరిగితే ప్లేట్లు దానితోపాటు తిరగక్కర్లేదన్నమాట. మరి సందుల్లోని చిన్న జిమ్‌లలో ఉన్నదేంటి? వెల్డింగ్ షాపులో చేయించిన పైపు, పట్టుకుంటే వేళ్లు చుట్టూ అందనంత లావు, చివర్లు అతికేసి ఉంటాయి లేదా తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. అలాంటి దానితో చేస్తే ప్లేట్లు తిరగమని మొండికేస్తాయి, ఆ మెలి నేరుగా మణికట్టుకి తగులుతుంది, లావు పైపుని పట్టి ఉంచడానికే ముంజేయి సగం ఖర్చయిపోతుంది. పైగా రాడ్డు బరువుని ఎవరూ లెక్కలో వేసుకోరు. అటు ఐదు ఇటు ఐదు వేసి పదికిలోలు కొడుతున్నా అన్నా అంటాడు, చేతిలో ఉన్న ఇనుపముక్క బరువు వాడి ఖాతాలో ఉండదు.

బరువు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, పక్కనున్నవాడు ఎంత ఎత్తుతున్నాడో చూసి ప్లేట్లు వేసుకునే జబ్బు మన దగ్గర బాగా ఎక్కువ. మోయలేని బరువు ఎత్తితే దండ ఊరుకోదు, సాయానికి నడుముని పిలుస్తుంది, భుజాన్ని పిలుస్తుంది, చివరికి మణికట్టుని లోపలికి ముడిచి ముంజేయిని కూడా దింపుతుంది. రాడ్డు పైకి వచ్చేటప్పుడు పిడికిలి ఛాతీ వైపు ముడుచుకుంటోందా, కిందికి దిగేటప్పుడు మణికట్టు వెనక్కి విరిగినట్టు వాలుతోందా అన్నది అద్దంలో చూసుకుంటే తెలిసిపోతుంది. పిడికిలి, ముంజేయి మొదటినుంచీ చివరిదాకా ఒకే గీతలో ఉండాలి. పది పన్నెండు రెప్స్, అంటే అన్నిసార్లు ఎత్తి దించడం, మణికట్టు కదలకుండా చేయగలిగిన బరువే మీ బరువు, అంతకు మించింది అద్దం ముందు ఫొటోకి. మా చిన్నప్పుడు తాలింఖానాలో, అంటే పాతకాలం వ్యాయామశాలలో, ఉస్తాదు పక్కనే నిలబడి మణికట్టు మీద వేలు పెట్టి చూసేవాడు, అది వంగితే బరువు తీసేయించేవాడు, ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది. ఇప్పటి కోచ్‌లకు ఫోన్ చూసుకోవడంతోనే సరిపోతోంది, నా తోటివాళ్లకు కోపమొచ్చినా సరే.

ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా చూడాలి. బ్యాక్, బైసెప్స్ ఒకే రోజు చేయడం అన్నిచోట్లా అలవాటు. పుల్ అప్స్, రోయింగ్, డెడ్ లిఫ్ట్ అన్నీ పట్టు మీద నడిచేవే, అవన్నీ అయ్యాక బైసెప్స్‌కి వచ్చేసరికి వేళ్లు ముడుచుకోవు. కూర్చుని ఉద్యోగం చేసేవాడు దాన్ని తట్టుకుంటాడేమో, పొద్దంతా చీనీ కాయలు ఎత్తినవాడు ఎలా తట్టుకుంటాడు? అలాంటివాళ్లను నేను ఛాతీ చేసిన రోజుకి బైసెప్స్ మార్చుకోమంటాను, లేదా మార్కెట్‌కి సెలవున్న రోజు పెట్టుకోమంటాను. హ్యామర్ కర్ల్ ఒక్కటి వేరే లెక్క, బొటనవేలు పైకి పెట్టి ఎత్తుతాం కాబట్టి మోచేయి పైనుంచి బొటనవేలి వైపు మణికట్టు దాకా వచ్చే బ్రేకియోరేడియాలిస్ అనే కండరం గట్టిగా పనిచేస్తుంది, అక్కడ ముంజేయి అలిసిందంటే వ్యాయామం సరిగ్గా జరిగిందనే. దానికి కూడా బెంబేలెత్తి వచ్చేవాళ్లున్నారు.

ఇంతవరకూ చెప్పింది అలుపు గురించి. నొప్పి వేరు, ఈ రెంటినీ మీ జవాబులో కలిపేశారు. సెట్ ఆపిన కాసేపటికి తగ్గిపోయే మంట అలుపు. మరుసటి రోజు ముట్టుకుంటే సలుపుతూ రెండు మూడు రోజుల్లో పోయేది కండ నొప్పి. మోచేయి లోపలి ఎముక మొన మీద వేలు పెడితే జివ్వుమని, తలుపు గడియ తీసేటప్పుడూ నీళ్ల బిందె ఎత్తేటప్పుడూ కూడా గుర్తుచేసేది స్నాయువు నొప్పి. దానికి గోల్ఫర్స్ ఎల్బో అని పేరు, బయటివైపు వస్తే టెన్నిస్ ఎల్బో, మన జిల్లాలో గోల్ఫ్ ఆడేదెవరో నాకు తెలీదు గానీ ఆ నొప్పి ఉన్నవాళ్లు మాత్రం బోలెడుమంది. స్నాయువుకి రక్తం తక్కువ అందుతుంది, కండలా తొందరగా కోలుకోదు, వారాలు పడుతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే మోచేయి వెనక వెళ్లే నరం ఒత్తుకుంటోందని, బొటనవేలు, చూపుడు, మధ్యవేలు అయితే మణికట్టు దగ్గర నరం సంగతి చూపించుకోవాలని అర్థం. ఎత్తుతుండగా మోచేయి ముందు టప్‌మని చప్పుడై, కండ పైకి ముడుచుకుని, చర్మం నీలమైతే ఆ రోజే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. స్నాయువు తెగి ఉంటే ఆలస్యమయ్యేకొద్దీ కుట్టడం కష్టమవుతుంది. ఇంకొకటి, నలభై దాటినవాళ్లు వినండి, బరువెత్తినప్పుడు ఎడమ చేయి లాగుతూ ఛాతీ బరువెక్కి, ఆపితే తగ్గుతుంటే అది కండ అని సర్దిచెప్పుకోవద్దు, నేరుగా గుండె డాక్టర్ దగ్గరికి పోవాలి.

మాత్ర గురించి మీరు రాసిన ముక్క నాకు అన్నిటికంటే ఎక్కువ గుబులు పుట్టించింది. మన ఎండలు మీకు తెలియనివి కావు, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిపోతుంది, రేకుల షెడ్డులో జిమ్, ఒక్క ఫ్యాను. చెమట కారి ఒంట్లో నీళ్లు లేని స్థితిలో మెడికల్ షాపు నుంచి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర తెచ్చుకుని మింగి, నొప్పి తెలియట్లేదు కదా అని ఇంకో రెండు సెట్లు లాగితే దెబ్బ కిడ్నీలకు. కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజే ఊపిరాడనంతగా వ్యాయామం చేసి, మర్నాడు చేయి చాచలేనంత వాచి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోందంటే అది ఆసుపత్రి కేసు, ఇంట్లో బామ్ రాసుకునేది కాదు.

2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు మన ఆర్డీటీ స్టేడియంలో జరిగినప్పుడు ఊరంతా వెళ్లి చూశాం. ఆ స్థాయి ఆటగాళ్లకు భుజం కొంచెం పట్టేసినా చూసుకోవడానికి ఫిజియో పక్కనే ఉంటాడు. చీనీ మండీ హమాలీకి అలాంటి మనిషి ఎవరూ లేరు, వాడు చదివేది మీ ఆరోగ్యం పేజీ, అడిగేది మా బోటి కోచ్‌ని. అందుకే ఆ జవాబుని సరిచేసి మళ్లీ వేయమని అడుగుతున్నా. ఈసారి ఫిజియోథెరపిస్టు ఎవరితోనైనా రాయించండి, అడిగినాయన ఏం పని చేస్తాడో, ఏ రాడ్డు వాడతాడో, బైసెప్స్‌కి ముందు ఏం చేస్తాడో కనుక్కుని రాయించండి. మణికట్టు నిటారుగా ఉన్న బొమ్మ ఒకటి, వంగిన బొమ్మ ఒకటి పక్కపక్కన వేస్తే కత్తిరించి మా జిమ్ అద్దం పక్కన అంటిస్తాను.

జిమ్ ఓనర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కొత్త మెషిన్ల మీద లక్షలు పోసే ముందు ఒక వంకర్ల రాడ్డు, రెండున్నర కిలోల డంబెల్ జత ఒకటి కొనండి, ఉన్న రాడ్ల స్లీవ్‌లు విప్పి తుప్పు గీకి గ్రీజు పెట్టించండి.

ఇట్లు,
ఒక జిమ్ కోచ్,
అనంతపురం