మా టార్చిలైట్ల కొత్త ధరలు, వాటి వెనుక ఉన్న కారణం

మా దుకాణాన్ని ఆదరిస్తున్న వారందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి, టార్చిలైటును కోరిన విధంగా మార్చి ఇచ్చే పనికి మా మజూరీ 900 రూపాయల నుంచి 1,200 రూపాయలకు పెరుగుతుంది. విడిభాగాల ఖర్చు అదనం. ఇంతవరకు వారంలో అందిన లైటు ఇకపై రెండు వారాల్లో అందుతుంది. ప్రతి లైటు వెలుగునూ కొలిచి, ఆ అంకెలను కార్డు మీద రాసి లైటుతోపాటే పంపాలని నిర్ణయించుకోవడమే దీనికి కారణం. ఆ పనికి మీ డబ్బు తీసుకుంటున్నాము కాబట్టి అది ఎందుకు అవసరమో మీకు వివరంగా చెప్పాలి.

మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మొదట అడిగేది ‘ఎన్ని ల్యూమెన్లు?’ అనే. ల్యూమెన్ అంటే లైటు నుంచి వచ్చే మొత్తం వెలుగుకు కొలమానం. అరచేతిలో ఇమిడే లైటు మీద లక్ష ల్యూమెన్లని అచ్చువేసి అమ్ముతున్న రోజుల్లో ఆ ప్రశ్న సహజమే. అయితే ఒక చిన్న లెక్క చూడండి. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 రకం రీచార్జబుల్ లిథియం సెల్లు, నాణ్యమైనదైతే, సుమారు 12 వాట్-అవర్ల శక్తిని దాచుకుంటుంది. ఎల్‌ఈడీ ఒక వాటుకు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే 10,000 ల్యూమెన్లకు 100 వాట్లు కావాలి. సెల్లు అంత కరెంటును ఇవ్వగలిగినా ఏడు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆ ఏడు నిమిషాలు గడవకముందే లైటు చేత్తో పట్టుకోలేనంతగా కాలిపోతుంది. పదివేలకే ఇదీ సంగతి అయినప్పుడు, ఒక్క సెల్లుతో లక్ష ల్యూమెన్లు అన్న మాటను నమ్మవలసిన పని లేదు.

మరి శక్తిమంతమైన లైట్ల మీద ఔత్సాహికులకు అంత మక్కువ ఎందుకు? మా అనుభవంలో, వారు కోరుకునేది పెద్ద అంకె కాదు, తమకు కావలసిన చోట, కావలసిన రంగులో, కావలసినంత సేపు నిలిచే వెలుగు. ఈ అభిరుచి కొత్తదేమీ కాదు. అమెరికాలో 1979లో అమ్మకానికి వచ్చిన మాగ్‌లైట్ అనే టార్చి బాడీ గట్టి అల్యూమినియంతో చేసినది కావడంతో, లోపలి బల్బును, సెల్లులను మార్చి దాన్ని మరింత ప్రకాశవంతంగా చేసుకున్నవారు ఎందరో ఉన్నారు. ఇప్పుడు బల్బు స్థానంలో ఎల్‌ఈడీ వచ్చింది, మార్చుకునే అవకాశాలు పెరిగాయి.

రాత్రిపూట ఇళ్లలో దూరిన పాములను పట్టి అడవిలో వదిలే కస్టమరు ఒకరు మాకున్నారు. ఆయన తెచ్చిన లైటు నీలం ఛాయ కలిసిన తెల్లని వెలుగు ఇచ్చేది. ఎండుటాకుల మధ్య రక్తపింజరి ఒంటి మీది గోధుమ రంగు, ఆకుల గోధుమ రంగు ఆ వెలుగులో ఒక్కటిగానే కనిపిస్తున్నాయని ఆయన ఫిర్యాదు. అందులో జపాన్ సంస్థ నిచియా తయారుచేసే 519ఏ ఎల్‌ఈడీని అమర్చాము. రంగులను ఎంత నిజంగా చూపుతుందో తెలిపే సూచీ దీనికి 90కి పైన ఉంటుంది. ఎరుపును బాగా చూపుతుంది. వెలుగు మొత్తం మీద కొంత తగ్గింది. ఆయన ఆ నష్టాన్ని తెలిసే ఒప్పుకున్నారు, ఎందుకంటే ఇప్పుడు గోధుమ రంగులో గోధుమ రంగు విడిగా కనిపిస్తోంది. నా దృష్టిలో ఈ పనికి ఉన్న విలువంతా ఇలాంటి ఎంపికలోనే ఉంది.

ఎల్‌ఈడీ మార్చేటప్పుడు సమయమంతా ఎక్కడ పోతుందో కూడా చెప్తాను. ఎల్‌ఈడీని అతికించే మామూలు లోహపు ప్లేటులో ఎల్‌ఈడీకీ లోహానికీ మధ్య విద్యుత్తును ఆపే పొర ఒకటి ఉంటుంది. అది వేడిని కూడా అడ్డుకుంటుంది. మేము వాడే రాగి ప్లేటులో ఎల్‌ఈడీ నడిమి భాగం నేరుగా రాగికే అతుక్కుంటుంది. ప్లేటును కింది నుంచి వేడిచేసి, టంకం కరిగి మెరవగానే ఎల్‌ఈడీని ట్వీజరు మొనతో అతి కొద్దిగా పక్కకు నెట్టి వదులుతాము. కరిగిన టంకం దాన్ని తిరిగి తన స్థానానికి లాక్కుంటే ఎల్‌ఈడీ అడుగంతా టంకం సమంగా పరుచుకున్నట్టు. లాక్కోకపోతే తీసేసి, శుభ్రం చేసి, మళ్లీ మొదలుపెట్టాలి. ఈ అతుకు సరిగా లేని లైటు మొదటి క్షణాల్లో ఎంత వెలిగినా కొద్దిసేపటికే మందగిస్తుంది. కరెంటుకు అడ్డు తగ్గేలా సెల్లు స్ప్రింగు మీదుగా రాగి తీగ వేయడం వంటి తక్కిన పనులు దీనితో పోలిస్తే తేలిక.

ఇక కొలతల సంగతి. ఒక చోట పడే వెలుగును కొలిచే లక్స్ మీటరును 5 మీటర్ల దూరంలో ఉంచి, వచ్చిన అంకెను 25తో గుణిస్తే క్యాండెలా, అంటే ఒక దిశలో వెళ్లే వెలుగు తీవ్రత వస్తుంది. 1,600 లక్స్ వస్తే 40,000 క్యాండెలా. దాని వర్గమూలానికి రెట్టింపు, అంటే 400 మీటర్లు, ఆ లైటుకు అంతర్జాతీయంగా వాడే ప్రమాణం ప్రకారం వెలుగు చేరే దూరం. ఆ దూరంలో పడే వెలుగు 0.25 లక్స్, అంటే సుమారు నిండు పున్నమి వెన్నెలంత మాత్రమే. అందువల్ల అక్కడున్న మనిషిని గుర్తుపట్టగలమని అనుకోకూడదు. సగం దూరాన్నే నమ్ముకోవడం మంచిది. దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలా నాలుగు రెట్లు కావాలి. కార్డు మీద ఈ అంకెతోపాటు, లైటు వేసిన 30 సెకన్లకు, 10 నిమిషాలకు ఉండే వెలుగును విడివిడిగా రాస్తాము. రెండో అంకె చాలాసార్లు మొదటిదానిలో సగం కూడా ఉండదు. దాన్ని దాచకుండా చూపడం వల్ల కొన్ని అమ్మకాలు పోవచ్చు, అయినా చూపుతాము.

ఇంట్లోని పాత ఇత్తడి టార్చిని మార్చమని అడిగేవారికి ఒక మనవి. దాని రేకు పలుచనిది, వేడిని ఎక్కువగా లాగలేదు. అందులో సుమారు 300 ల్యూమెన్లకు మించి పెట్టము.

విడి లిథియం సెల్లులను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడానికి అనుమతి లేదు కనుక, సెల్లులు రోడ్డు మార్గంలో విడిగా వస్తాయి. వేట కోసమని తెలిస్తే ఏ ధరకైనా లైటు చేసి ఇవ్వము. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారికి పాత మజూరీయే వర్తిస్తుంది, కొలతల కార్డు వారికీ పంపుతాము. గతంలో మా దగ్గర చేయించుకున్న లైటును తెచ్చినవారికి కార్డు ఉచితంగా రాసి ఇస్తాము.