లంబసింగిలో తొలి గుడారం: రాజమండ్రి మిత్రుడికి ఉత్తరం

విశాఖపట్నం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. సంక్రాంతి సెలవుల్లో చెల్లెమ్మనీ బాబునీ తీసుకుని లంబసింగిలో రెండు రాత్రులు గుడారంలో గడపాలనుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. నువ్వు జతచేసిన సామాన్ల జాబితాను కూడా మొదటి నుంచి చివరి వరకూ చదివాను. ముగ్గురికి మూడు స్లీపింగ్ బ్యాగులు, గాలి నింపే పరుపులు, పెద్ద టెంటు, మడత కుర్చీలు, గ్యాసు పొయ్యి, దానికి సరిపడే గిన్నెలు అన్నీ కలిపి 28 వేలు దాటుతున్నాయనీ, చేతిలో ఉన్నది 6 వేలేననీ, ఈ ఏడాదికి మానుకోవడమే మేలేమోననీ రాశావు. దయచేసి మానుకోవద్దు. 6 వేలతో ముగ్గురూ వెచ్చగా పడుకుని రావచ్చు. ఎలాగో వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

ముందుగా ఒక విషయం గమనించు. నీ జాబితాలోని వస్తువుల్లో చాలావాటికి అంత ధర పలకడానికి కారణం అవి వెచ్చగా ఉండడం కంటే తేలికగా, చిన్నగా మడిచేందుకు వీలుగా ఉండడమే. ఇల్లంతా వీపున మోసుకుని రోజుల తరబడి హిమాలయాల్లో నడిచేవాళ్ల కోసం తయారైన సరుకు అది; వాళ్లకి ప్రతి వంద గ్రాములూ భారమే కనుక ఆ ధర పెట్టడంలో అర్థముంది. మీరేమో సొంత కారులో తుని, నర్సీపట్నం మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కి గుడారం పక్కనే దిగుతారు. డిక్కీలో పట్టేదేదైనా మీకు పనికొస్తుంది. అందుచేత తేలికదనానికి చెల్లించే డబ్బంతా మిగుల్చుకుని, వెచ్చదనం ఎక్కడ అవసరమో అక్కడ మాత్రమే ఖర్చు పెట్టమని నా సలహా.

ఆ అవసరం ఒంటి మీద కంటే ఒంటి కింద ఎక్కువ. ఈ ఉత్తరంలో నువ్వు తప్పకుండా గుర్తుంచుకోవలసిన మాట ఇదే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువగా రాస్తున్నాను. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. గోదావరి ఒడ్డున మీకు సంక్రాంతి చలి అంటే రాత్రి 18 డిగ్రీల అటూ ఇటూ ఉండేది. అక్కడ జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలు, కొన్నేళ్లు సున్నా దాకా పోయిన రోజులూ ఉన్నాయి. అంత చల్లబడిన నేల మీద పడుకున్నప్పుడు ఒంట్లోని వేడిని చుట్టూ ఉన్న గాలి కంటే నేల చాలా వేగంగా లాగేసుకుంటుంది. రగ్గయినా, ఖరీదైన స్లీపింగ్ బ్యాగయినా మనల్ని వెచ్చగా ఉంచేది తన పొరల మధ్య నిలిచిపోయిన గాలితోనే. మన బరువు కింద ఆ పొరలు నలిగి, గాలి బయటికి పోయి, వీపు కింద ఉత్త గుడ్డ మిగులుతుంది. పైన రెండు రగ్గులు కప్పుకున్నా నడుము కింద నుంచి చలి ఎక్కుతోందని చాలామంది వాపోయేది అందుకే. గాలి పరుపు ఈ పనికి అసలే చాలదు. లోపలి గాలి కదులుతూ మన వేడిని నేలకు చేరవేస్తుంది, పైగా చిన్న ముల్లు గుచ్చుకుంటే ఆ రాత్రికి దాని పని అయిపోయినట్టే.

కాబట్టి ముందుగా ముగ్గురికీ మూడు ఫోమ్ మ్యాట్లు కొను. డెకాథ్లాన్ వంటి దుకాణాల్లో సాదా రకం ఒక్కొక్కటి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. కొనేటప్పుడు మ్యాటును నేల మీద పరిచి బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. వేలికి నేల గట్టిదనం తెలిసిపోతే పక్కన పెట్టెయ్. నొక్కు తీయగానే గుంట పూడుకుని, మీద నాలుగు చుక్కల నీళ్లు పోస్తే పీల్చుకోకుండా జారిపోతే అది సరైనది. మామూలు స్పాంజి పరుపు ముక్క నీళ్లు పీలుస్తుంది, మంచు తడికి బరువెక్కి రాత్రంతా చల్లగానే ఉంటుంది, కనుక చవకని అది కొనవద్దు. ఇంట్లో యోగా మ్యాట్లు ఉంటే అవీ తీసుకువెళ్లు. అవి ఒక్కటొక్కటిగా పలచన గానీ ఫోమ్ మ్యాటు మీద రెండో పొరగా బాగా పనికొస్తాయి. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఏదైనా మీ వీధి కొట్టులో అడిగి విప్పి పరిచావంటే, పైసా ఖర్చు లేకుండా ఇంకో పొర సిద్ధమవుతుంది.

ఇక మీ అటక మీద అమ్మ కుట్టిన బొంతలు ఉన్నాయి కదా, వాటిని దించు. పాత నేత చీరలు పొరలు పొరలుగా పేర్చి దగ్గర దగ్గరగా కుట్లు వేసిన అలాంటి బొంతకు సాటి వచ్చేది నీ జాబితాలోని వస్తువుల్లో ఏదీ నాకు కనిపించలేదు. కళ్లంలో ధాన్యం కాపలాకు పడుకునే రైతులు కింద బాగా గడ్డి వేసుకుని, దాని మీద గోనె సంచీ పరుచుకుని, బొంత కప్పుకుని పుష్యమాసపు చలిని దాటేస్తున్నారంటే అదంతా కింద పరిచిన గడ్డి చలవే. మీరు పరుచుకోవలసిన వరస ఇది: గుడారం కింద బరకం, గుడారం లోపల అట్ట, దాని మీద ఫోమ్ మ్యాటు, దాని మీద ఒక బొంత, తర్వాత మనిషి, పైన రెండో బొంత, రగ్గు. బరకం మాత్రం గుడారం అంచులు దాటి బయటికి రాకూడదు. వచ్చిన అంచు మీద పడిన మంచు నీరంతా జారి గుడారం కిందికే చేరుతుంది. అంచులు లోపలికి మడిచెయ్.

టెంటు కొనవద్దు. మొదటిసారి అద్దెకు తీసుకోవడమే తెలివైన పని. లంబసింగి చుట్టుపక్కల, తాజంగి జలాశయం దగ్గర టెంట్లు వేసి అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. పండగ రోజులూ శని ఆదివారాలూ వదిలేసి మామూలు రోజులు చూసుకుంటే బేరమాడడానికి వీలుంటుంది. డబ్బు చెల్లించే ముందే గుడారంలోకి దూరి జిప్పులు రెండు మూడుసార్లు తెరిచి మూసి చూడు, కర్రలు చీలి ఉన్నాయేమో తడిమి చూడు, పైన రెండో పొర ఉందో లేదో అడుగు. ఒంటి పొర టెంటులో మనం వదిలిన ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీటి బొట్లై తెల్లవారేసరికి మొహం మీద పడుతుంది. రెండు పొరలున్నా సరే, చలికి భయపడి గాలి కిటికీలు పూర్తిగా మూసెయ్యకు. పైన కొద్దిగా తెరిచి ఉంచితేనే పక్కలు పొడిగా ఉంటాయి. "ముగ్గురికి" అని రాసి ఉన్న టెంటులో ముగ్గురు పక్కపక్కన పడుకుంటే సంచులు పెట్టుకోవడానికి చోటు మిగలదు. కనుక నలుగురి టెంటు అడుగు. మరుగుదొడ్డి దగ్గరలో, శుభ్రంగా ఉన్న చోటే తీసుకో. చెల్లెమ్మకూ బాబుకూ ఇది మొదటి అనుభవం కాబట్టి, దీనికోసం ఇంకో రెండు మూడు వందలు ఎక్కువైనా వెనకాడకు.

వాళ్లు స్లీపింగ్ బ్యాగులు కూడా ఇస్తామంటే తీసుకో, కానీ ఎందరో పడుకున్న సంచుల్లోకి నేరుగా దూరడం ఎవరికీ ఇష్టం ఉండదు. పాత నేత చీరను పొడవులో సగానికి మడిచి, రెండు పక్కలా మీ వీధి టైలరుతో కుట్టిస్తే లోపలి గలీబులా సరిపోతుంది, ఇంటికొచ్చాక ఉతుక్కోవచ్చు. ముందు ముందు సొంతంగా బ్యాగు కొనాలనుకుంటే, చీటీ మీద ఎన్ని అంకెలు ఉన్నాయో చూడు. పద్ధతిగా పరీక్షించిన బ్యాగు మీద "కంఫర్ట్" అనీ "లిమిట్" అనీ రెండు వేర్వేరు ఉష్ణోగ్రతలు ఉంటాయి. హాయిగా నిద్రపట్టేది మొదటి అంకె దాకా. రెండోది ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడిపే హద్దు. పెద్ద అక్షరాలతో ఒక్క అంకే ముద్రించి ఉంటే దాన్ని హద్దుగానే లెక్కేసుకో.

బట్టల గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. చలికాలంలో ఊళ్లలో టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాల్లో ముగ్గురికీ మంకీ క్యాపులూ ఉన్ని మేజోళ్లూ కొను, ఉన్న స్వెటర్లు సర్దుకో. జీన్సు ప్యాంటుతో పడుకోవద్దు. పొగమంచులో తడిసిన నూలు తొందరగా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. పడుకునేటప్పుడు మార్చుకోవడానికి ఒక పొడి జతను ప్లాస్టిక్ సంచిలో కట్టి విడిగా పెట్టుకో. బాబుకు చలి ఎక్కువైతే మూత గట్టిగా పడే స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మేజోడు తొడిగి, కాళ్ల దగ్గర పెట్టు.

మిత్రమా, ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. చలి ఎంత ఎక్కువైనా గుడారంలోకి కుంపటి గానీ, బొగ్గుల బక్కెట్టు గానీ, వెలుగుతున్న పొయ్యి గానీ తీసుకురావద్దు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. మనిషి దగ్గకుండానే నిద్రలోనే ప్రాణం పోతుంది. ఎవరైనా నిర్వాహకుడు మర్యాదకు నిప్పులు తెచ్చి లోపల పెట్టబోయినా వద్దని చెప్పు. చలిమంట కావాలంటే వాళ్లు కేటాయించిన చోట, గుడారాలకు దూరంగా వేయించుకుని, పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పించు. అడవి పక్కన సొంతంగా మంట వెయ్యకు. రిజర్వు అడవిలో నిప్పు రాజెయ్యడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం.

నీ జాబితాలోని గ్యాసు పొయ్యీ, గిన్నెలూ, కుర్చీలూ, బల్లా కొట్టెయ్. మొదటి ప్రయాణంలో వంట పెట్టుకుంటే చెల్లెమ్మకు అది సెలవుగా ఉండదు. బయలుదేరే రోజుకు పులిహోరా, చపాతీలూ, కందిపొడీ ఇంటి నుంచే వెళ్తాయి. తర్వాత అక్కడి హోటళ్లలో ఇడ్లీ, ఉప్మా ఉంటాయి, వెదురు గొట్టంలో కాల్చిన బొంగు చికెన్ ఉంటుంది. కూర్చోవడానికి చాపలు చాలు. ఫ్లాస్కు రెండు పట్టుకెళ్లు, ఒకటి పాలకు, ఒకటి వేడినీళ్లకు. తలకు తగిలించుకునే టార్చి ఒకటి, చేతి టార్చి ఒకటి, వాటికి అదనపు బ్యాటరీలు ఉంటే వెలుతురుకు ఇక ఖర్చు పెట్టనక్కర్లేదు. మందుల్లో జ్వరం మాత్రలూ, ఓఆర్ఎస్ పొట్లాలూ, ఘాట్ రోడ్డు వాంతులకు డాక్టరును అడిగి మాత్రా పెట్టుకో. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి చలికాలమైనా దోమల మందు రాసుకోవడం మరచిపోవద్దు. రెండు పెద్ద చెత్త సంచులు కూడా ఉంచు. చెరువులవేనం దగ్గర మబ్బులు చూడడానికి వచ్చేవాళ్లు వదిలిపోయే ప్లేట్లూ సీసాలూ చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. మీ చెత్త మీరు నర్సీపట్నం దాకా తెచ్చి చెత్తకుండీలో వేస్తే అదే పదివేలు.

లెక్క చూస్తే మ్యాట్లకు 2,000 రూపాయల అటూ ఇటూ, ఉన్ని సామానుకూ టార్చికీ కలిపి 1,000, మిగిలిన 3,000 టెంటు అద్దెకు. పెట్రోలూ తిండీ నువ్వు విడిగా చూసుకున్నానన్నావు కాబట్టి వాటిని ఇందులో కలపలేదు. అద్దె అంతకంటే ఎక్కువ చెబితే రెండో రాత్రి గదిలో ఉండండి, లేదా ఒక్క రాత్రికే సరిపెట్టుకోండి. మ్యాట్ల డబ్బు మాత్రం తగ్గించవద్దు.

వెళ్లే ముందు, డిసెంబరులో చలి బాగా పడిన ఒక రాత్రి ముగ్గురూ మీ డాబా మీద, పైన రాసిన వరసలోనే పక్కలు పరుచుకుని పడుకోండి. సిమెంటు నేల కూడా ఒంటి వేడిని బాగానే లాగుతుంది కనుక, ఎవరికి నడుము కింద చలి తగులుతోందో, ఎవరికి ఇంకో పొర కావాలో ఆ రాత్రే తెలిసిపోతుంది. మీ మేడ మీద చాలనిది లంబసింగిలో ఎలాగూ చాలదు కాబట్టి, ఏది తక్కువైతే అది కొనడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.

బరకం కొనవద్దు, మా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది. దానితో పాటు ఒక ఫ్లాస్కూ, తలకు పెట్టుకునే టార్చీ ఆర్టీసీ కార్గోలో ఈ వారమే పంపుతున్నాను. కాంప్లెక్సులో వెళ్లి తీసుకో. మీ అటక మీద బొంతలు ఎన్ని ఉన్నాయో, బాబు ఇప్పుడు ఎంత పొడుగు పెరిగాడో వెంటనే రాయి. నాలుగున్నర అడుగులు దాటకపోతే వాడికి మా అమ్మాయి చిన్నప్పటి స్లీపింగ్ బ్యాగు సరిపోతుంది, అదీ అదే పార్సిల్లో పెడతాను.

అమ్మకు నా నమస్కారాలు. చెల్లెమ్మకూ బాబుకూ ఆశీస్సులు.

నీ మిత్రుడు