కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024-25: గేటు దాటే చెత్త తగ్గించిన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనులను ఈ నివేదికలో మీ ముందు పెడుతున్నాను. వీధి దీపాలు, బోరు మోటారు రిపేరు, వాచ్‌మన్ జీతం, పార్కు గోడ సున్నం వంటివాటి లెక్కలన్నీ జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. అది ఇప్పటికే నోటీసు బోర్డుల్లో పెట్టాం కాబట్టి మళ్ళీ ఇక్కడ రాయడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ భాగం చెత్త గురించే. కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు ఏకగ్రీవంగా చేసిన తీర్మానం అదే: కాలనీ గేటు దాటి బయటికి పోయే చెత్త తగ్గాలి.

తీర్మానం అయ్యాక చాలామంది సభ్యులు అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. "కొండవీడు దగ్గర జిందాల్ వాళ్ళ ప్లాంటు ఉంది కదా, చెత్త కాల్చి కరెంటు తీస్తున్నారు కదా, ఇంక మనం విడదీయడం ఎందుకు?" అని. న్యాయమైన ప్రశ్నే. గుంటూరు, విజయవాడల చెత్త అక్కడికి వెళ్తుంది. కానీ మిగిలిపోయిన సాంబారు, పుచ్చకాయ తొక్కలు, అన్నం కలిసి నీళ్ళోడుతున్న చెత్త సరిగ్గా మండదు. మంటలో పుట్టిన వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. పైగా మళ్ళీ కాగితంగా మారగలిగిన కాగితాన్నీ, మట్టిలో కలిసి ఎరువు కాగలిగిన తొక్కలనూ పొయ్యిలో పెట్టడం దండగ. ఎంత మంచి ప్లాంటు ఉన్నా, దేనికీ పనికిరానిదే అక్కడికి చేరాలి.

చట్టం కూడా అదే చెబుతోంది. ఈ నివేదిక కాలానికి 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు అమల్లో ఉన్నాయి. తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోని ప్రమాదకరమైన చెత్త, ఈ మూడూ ఇంటి దగ్గరే వేరు కావాలని అవి చెప్పాయి. 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కాలనీలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని వాటిలో ఉంది. మన కాలనీ ఈ కోవలోకే వచ్చింది. కాబట్టి ఇది మనం సరదాకి ఎత్తుకున్న పని కాదు, మన బాధ్యత.

తడి చెత్త

పార్కు వెనక ఖాళీ జాగాలో ఇటుకలతో రెండు తొట్లు కట్టించాం. గాలి ఆడేలా ఇటుకల మధ్య సందులు వదిలాం. ఒక తొట్టి నిండుతుంటే రెండోది మాగుతూ ఉంటుంది. అడుగున కొబ్బరి పీచు, దాని మీద ఒక వరస వంటింటి చెత్త, ఆ పైన ఒక వరస ఎండుటాకులు. మొదట్లో పుల్లటి మజ్జిగలో కాస్త బెల్లం కలిపి చల్లాం. వారానికోసారి గడ్డపారతో తిరగేస్తాం.

వానాకాలంలో వాసన వస్తోందని పార్కు పక్క బ్లాకు వాళ్ళు ఫిర్యాదు చేశారు, అది సబబే. తేమ ఎక్కువై గాలి ఆడకపోతే చెత్త మాగదు, కుళ్ళుతుంది. ఆ కంపు దాని గుర్తు. ఎండుటాకులు రెట్టింపు వేసి, పైన కప్పు వేశాక వాసన పోయింది. కప్పు కోసం కొత్తగా ఏమీ కొనలేదు. మే 13న ఎన్నికలు అయిపోయాక వీధుల్లో మిగిలిన ఫ్లెక్సీలను మన కుర్రాళ్ళు ఊడదీసి తెచ్చారు. రెండేసి కలిపి కుట్టిస్తే చుక్క నీరు దిగలేదు. ఫ్లెక్సీ పీవీసీతో చేసింది, కాలిస్తే విషవాయువులు వస్తాయి. కాబట్టి ఇలా ఏళ్ళ తరబడి వాడుకోవడమే దానికి తగిన దారి.

తొట్టి సరిగ్గా పనిచేస్తున్నప్పుడు మధ్యలోకి చెయ్యి పెట్టలేం, అంత వేడి ఉంటుంది. ఆ వేడికే ఈగల గుడ్లు, కలుపు గింజలు చస్తాయి. రెండు నెలలు తిరిగేసరికి అంతా సగానికి పైగా కుంగి, నల్లగా, పొడిపొడిగా, తొలకరి వానకు తడిసిన మట్టి వాసనతో ఎరువు చేతికొస్తుంది. మొదటి విడత ఎరువు పార్కు మొక్కలకు వేశాం. రెండో విడత నుంచి చెత్త వేరు చేసి ఇస్తున్న ఇళ్ళకు ఉచితంగా పంచుతున్నాం. మేడ మీద గోంగూర, బచ్చలి వేసుకున్న అక్కయ్యలు ఇప్పుడు తొట్టి దగ్గరికి వచ్చి తామే తిరగేస్తున్నారు.

ఆవకాయ రోజుల్లో ఒక సంగతి తెలిసింది. మామిడి టెంకలు ఎంతకీ మాగవు, పైగా తొట్టిలోనే మొలకలెత్తుతాయి. వాటిని ఇప్పుడు విడిగా ఎండబెట్టిస్తున్నాం. ఎముకలు, చేప ముళ్ళు, నూనె మిగిలిన కూరలు తొట్టిలో వేయొద్దని మరోసారి మనవి. వాటికి కుక్కలు, ఎలుకలు వస్తాయి.

మాఘం, ఫాల్గుణాల్లో రాలే బాదం, వేప ఆకుల్ని ఊడ్చి అంటించే అలవాటు మన వీధిలో పూర్తిగా ఆగింది. అది చెప్పుకోదగ్గ విషయం. బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. కానీ జరిమానా భయం కన్నా ఆకుల అవసరమే మన దగ్గర ఎక్కువ పనిచేసింది. ఇప్పుడు ఎండుటాకుల గోతాలు తొట్టి పక్కన వరసగా కట్టి ఉంటాయి.

పొడి చెత్త

ఇక్కడ ఒక్క పాల ప్యాకెట్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మిగతా సరుకుకన్నా అదే మనకు ఎక్కువ నేర్పింది. రోజుకు రెండు ప్యాకెట్లు కొనే ఇంట్లో నెలకు 60 కవర్లు. అవి పాలిథిన్ కవర్లు, శుభ్రంగా ఉంటే పాత సామాన్ల వాళ్ళు సంతోషంగా కొంటారు. కడగకుండా బుట్టలో పడేస్తే మర్నాటికి పులిసి, ఎవరూ ముట్టుకోరు. పాలు పోసుకున్న వెంటనే కాసిని నీళ్ళు పోసి కలియబెట్టి, ఆ నీళ్ళు మొక్కకు పోసి, కవరును వంటింటి కిటికీకి బోర్లా తగిలిస్తే చాలు. సాయంత్రానికి ఆరుతుంది.

ఇంకొకటి ఆ మూల ముక్క. కత్తెరతో మూల కత్తిరించి ఆ చిన్న ముక్కను సింకులో వదిలేస్తాం. అది జాలీ దాటి మురుగు కాలువలోకి పోతుంది. అంత చిన్న ముక్కను కాలువలో నుంచి ఎవరూ ఏరలేరు. మూల పూర్తిగా తెగకుండా, ఒక అంచు పట్టుకుని ఉండేలా కోయండి. కవరుతో పాటే ముక్క కూడా తిరిగి వస్తుంది. ఇది మన కాలనీలో పిల్లల ద్వారా పాకింది. బడి నుంచి వచ్చిన పిల్లలు అమ్మల చేతిలో కత్తెర ఎటు పోతోందో చూస్తున్నారు.

అట్టపెట్టెలు తడవకుండా, టేపు ఊడదీసి, మడత పెట్టి ఇవ్వండి. నూనె అంటిన కాగితం, పిజ్జా డబ్బా అడుగు భాగం కాగితంగా మారవు. శుభ్రంగా ఉన్న సగం చించి అట్టలో, మిగతా సగం ఎరువు తొట్టిలో వేయవచ్చు. చిప్స్, బిస్కట్ కవర్లు మాత్రం ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం కాబట్టి కొనేవాళ్ళు దొరకడం లేదు. వాటికి కొనకపోవడమే మందు. అల్యూమినియం డబ్బా సంగతి వేరు. ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతమే పాతదాన్ని కరిగించడానికి పడుతుంది. ఒక్క కూల్‌డ్రింక్ టిన్ను కూడా తడి బుట్టలో పడకూడదు.

పొడి చెత్త అమ్మిన డబ్బు సంఘం ఖాతాలో వేయలేదు. రోజూ ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకునే ఇద్దరు అక్కలకే ఇస్తున్నాం. ఇది కార్యవర్గం తీసుకున్న నిర్ణయం, దీన్ని సభ్యులు ఆమోదించాలని గట్టిగా కోరుతున్నాను. శ్రావణంలో వారిలో ఒకామెకు కవర్లో చుట్టి పడేసిన గాజు ముక్క అరచేతిలో దిగి కుట్లు పడ్డాయి. చాలా రోజులు చీపురు పట్టుకోలేకపోయింది. గాజు పగిలితే మందపాటి అట్టలోనో పాత డబ్బాలోనో పెట్టి, నోటితో చెప్పి చేతికివ్వండి. శానిటరీ న్యాప్‌కిన్లు, డైపర్లు న్యూస్‌పేపర్లో చుట్టి, ఎర్ర పెన్నుతో ఒక గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. మన ఇంట్లో వాసన భరించలేక మూట కట్టినదాన్ని ఆమె చేత్తో విప్పే పరిస్థితి మన వీధిలో ఉండకూడదు.

మళ్ళీ వాడుకోవడం

నా దృష్టిలో ఈ ఏడాది చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది పాత్రల బ్యాంకు. స్టీలు కంచాలు, గ్లాసులు, వడ్డన బకెట్లు, గరిటెలు విరాళాలతో కొని కమ్యూనిటీ హాల్లో బీరువాలో పెట్టాం. సీమంతమైనా, అన్నప్రాశనైనా, సత్యనారాయణ వ్రతమైనా సభ్యులు ఉచితంగా తీసుకెళ్ళవచ్చు. కడిగించి తిరిగి ఇవ్వాలి, అంతే. కడిగే మనిషికి కూలి ఎక్కువవుతుందని మొదట వెనకాడినవాళ్ళు ఉన్నారు. కానీ పేపరు ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, చిన్న వాటర్ బాటిళ్ళు కొనే ఖర్చు పక్కన పెట్టి చూస్తే కూలి పెద్ద భారం కాదని చేసినవాళ్ళే చెబుతున్నారు. బాటిళ్ళ బదులు 20 లీటర్ల టిన్నులు, స్టీలు గ్లాసులు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం అని చాలామందికి గుర్తు లేదు. పేపరు కప్పుకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి అది కూడా మంచి ప్రత్యామ్నాయం కాదు. కార్తీక మాసం వనభోజనాల్లో అందరికీ అరిటాకులే వేశాం. తిన్నాక ఆకులన్నీ తొట్టిలోకే వెళ్ళాయి.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు రెండు రోజుల్లో బట్టలు, దుప్పట్లు, గిన్నెలు పోగుచేసి పంపాం. అప్పుడు పెట్టుకున్న నియమం ఇకముందూ ఉంచుదాం: ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు ఊడినవి కుట్టించి, మన ఇంటి మనిషికి ఇచ్చేలాగే ఇవ్వాలి. చిరిగినవి ఇవ్వకూడదు. ఆ చిరిగిన నూలు చీరలు, పంచెలతో పెద్దవాళ్ళు బొంతలు కుట్టారు. బొంత కుట్టడం తెలిసిన మామ్మగార్లు మన కాలనీలో ఇంకా ఉన్నారు, వారి దగ్గర నలుగురు కోడళ్ళు నేర్చుకుంటున్నారు.

అదే వారంలో 7న వినాయక చవితి. వీధి పందిరిలో మట్టి విగ్రహమే పెట్టాం. నిమజ్జనం పెద్ద గంగాళంలో చేసి, ఆ మట్టిని కుండీల్లోకి, పత్రిని తొట్టిలోకి పంపాం.

జూన్‌లో బడులు తెరిచే ముందు పుస్తకాల మార్పిడి జరిగింది. గుంటూరులో ఇంటర్, కోచింగ్ చదివే పిల్లల ఇళ్ళల్లో మెటీరియల్ గుట్టలుగా ఉంటుంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాసేసిన పిల్లలు తమ పుస్తకాలు కింది క్లాసు వాళ్ళకు ఇచ్చారు. ముఖ్యమైన చోట్ల పెన్సిల్ గీతలు కూడా ఉండటం జూనియర్లకు ఇంకా నచ్చింది.

కుక్కర్లు, మిక్సీలు, గొడుగులు బాగుచేసే మనిషి వీధిలో మైకు వేసుకుని వస్తే మనం పనిలో ఉంటాం, ఆయన దొరకడు. అందుకే ఆయన్ను నెలకో ఆదివారం హాల్లో కూర్చోబెడుతున్నాం. వాషర్ మార్చితే నడిచే కుక్కర్లు, బుష్ అరిగిన మిక్సీ జార్లు, ఇలా ఎన్నో పారేయకుండా మిగిలాయి. కొత్త వస్తువు కొనే ముందు ఆ ఆదివారం దాకా ఆగమని నా విన్నపం.

భోగికి మంట మానమని మేం అనలేదు. కానీ మంటలో ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, పాత బ్యాగులు వేయడం మానాలని అన్నాం. భోగి ముందు రోజు సాయంత్రం ఎవరికి అక్కర్లేని సామాను వాళ్ళు హాల్లో పెట్టారు, కావలసినవాళ్ళు తీసుకెళ్ళారు. ఊయల, మూడు చక్రాల సైకిలు, కొయ్య బీరువా నిమిషాల్లో వెళ్ళిపోయాయి. జనవరి 13 తెల్లవారుజామున మంటలో పిడకలు, ఎండు కొమ్మలు మాత్రమే పడ్డాయి. పిల్లలు మంట దగ్గరగా నిలబడి చలి కాచుకోగలిగారు.

ప్రమాదకరమైన చెత్త

బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, గడువు తీరిన మందులు వేయడానికి వాచ్‌మన్ గది పక్కన ఎర్ర డబ్బా ఉంది. ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది, పగలగొట్టకండి. పాత ఫోన్లు, పవర్ బ్యాంకులు మామూలు చెత్తలో వేస్తే లారీలో నలిగి అంటుకునే ప్రమాదం ఉంది. వీటిని పాత ఇనుము కొనేవాళ్ళకు అమ్మవద్దు. వైర్లు కాల్చి రాగి తీసే చోట పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తులే పాడవుతాయి. రిజిస్టరైన రీసైక్లర్లకే ఇవ్వాలి. 2025 జనవరి నుంచి రాష్ట్రంలో ప్రతి మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది కదా, మన కాలనీ ఈ-చెత్త సేకరణను కూడా ఆ రోజుకే కలుపుదామని ప్రతిపాదన.

వచ్చే ఏడాదికి

ఇంకా కొన్ని ఇళ్ళ నుంచి కలిపిన చెత్తే వస్తోంది. ఎక్కువగా అద్దె ఇళ్ళు, వంటమనిషి మీద వదిలేసిన ఇళ్ళు. కలిపేసిన చెత్తను గేటు దగ్గర విడదీయడం ఎవరివల్లా కాదు. అది వంటింట్లో కలవకుండా ఉండాలి. కొత్తగా అద్దెకు వచ్చేవారికి ఇంటి యజమానులే మొదటి రోజున రెండు బుట్టలు, ఒక సంచి ఇచ్చి విధానం చెప్పాలని, ఇళ్ళల్లో పనిచేసే వారికి హాల్లో ఒక పూట శిక్షణ ఇచ్చి ఆ పూట కూలి సంఘం ఇవ్వాలని రెండు తీర్మానాలు సమావేశంలో పెడుతున్నాం. మూడో తొట్టి కట్టడానికి అంచనా కూడా సిద్ధంగా ఉంది. నెల చందా పెంచే ఆలోచన లేదు.

తొట్టి తిరగేసే పనికి ఆదివారం ఉదయం వచ్చే జట్టులో వయసు మళ్ళినవారే ఎక్కువ. యువకులు పేర్లు ఇవ్వాలి. పేర్లు హాల్లో పాత్రల బీరువా తాళం చెవి ఉన్న కోశాధికారి గారి దగ్గర రాయించుకోవచ్చు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి
గుంటూరు