అల్లూరి బాల్యం: వాదనలు చాలు, కాగితాలు వెతకాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

ఏటా జులై 4 దగ్గర పడేసరికి పాత వాదన మళ్లీ మొదలవుతుంది. అల్లూరి సీతారామరాజు పుట్టింది విశాఖ జిల్లా పాండ్రంగిలోనా, భీమవరం దగ్గరి మోగల్లులోనా? 1897లోనా, 1898లోనా? పాండ్రంగి తల్లి పుట్టిల్లు, మోగల్లు తండ్రి వైపు ఊరు. ఆయన మావాడని రెండు ఊళ్లూ గర్వపడటం చూస్తే నాకు సంతోషమే. నా బాధల్లా ఆ వాదన ఎప్పుడు చూసినా ‘మా పెద్దవాళ్లు చెప్పారు’ అన్న దగ్గరే ఆగిపోవడం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయని తేదీలతో సహా చెప్పగలుగుతున్నాం. అదే మనిషి మొదటి పదేళ్లకు వచ్చేసరికి, ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కిన మాటలనే తిప్పి తిప్పి చెప్పుకుంటున్నాం.

ఉదాహరణకు తండ్రి మరణం. వెంకటరామరాజు గారు 1908 గోదావరి పుష్కరాల సమయంలో రాజమండ్రిలో కలరాతో పోయారని చదువుతాం. తండ్రి పోయేనాటికి పిల్లవాడికి ఎనిమిదేళ్లని ఇంకోచోట చదువుతాం. 1897లో పుట్టినా, 1898లో పుట్టినా 1908కి ఎనిమిదేళ్లు ఎలా అవుతాయి? రెండింటిలో ఏదో ఒకటి తప్పు. ఇది చిన్న విషయమని నేను అనుకోను. తెల్లదొరలకు సలాం కొట్టే అలవాటును ఒప్పుకున్నందుకు తండ్రి మందలించారన్న కథ మనందరికీ తెలుసు. ఆ మాట ఎన్నేళ్ల పిల్లవాడి మనసులో పడింది? ఆ తర్వాత తండ్రి ఎన్నాళ్లు బతికారు? ఇవి తేలకుండా ఆ కథకు ఎంత బరువు ఇవ్వాలో ఎలా తెలుస్తుంది?

నేను రిటైరైన హైస్కూల్ హెడ్‌మాస్టర్‌ని. చరిత్రలో డిగ్రీ లేదు. అయినా ఈ పని నాలాంటి వాళ్లు కూడా చేయగలిగిందే అన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు జాతకం సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది 1899లో. అంటే ఆయన పుట్టిన తర్వాతే. కాబట్టి పుట్టుక గురించి సర్కారు కాగితం దొరకడం కష్టం. కానీ అలాంటి కుటుంబాల్లో పిల్లవాడు పుడితే జాతకం రాయించేవారు. పూర్తి జాతకం కూడా అక్కర్లేదు, వారం ఒక్కటి తెలిసినా చాలు. 1897 జులై 4 ఆదివారం. 1898 జులై 4 సోమవారం. పక్షం తెలిసినా సరిపోతుంది. రెండేళ్లలోనూ ఆ రోజు ఆషాఢంలోనే పడింది, కానీ 1897లో అది శుద్ధ పక్షం, 1898లో పౌర్ణమి దాటిన బహుళ పక్షం. ఇంకో మాట కూడా ఉంది. 1897 ఉగాదికి మొదలైనది హేవిళంబి, ఆ మరుసటిది విళంబి. చెదలు పట్టిన కాగితంలో మొదటి అక్షరం చెరిగిపోతే ఏడాది మారిపోతుంది. ఈ ఏడాది తేడా అక్కడే పుట్టిందని నేను అనను. అది కేవలం నా ఊహ. కానీ ఆ ఇంటి బంధువర్గంలో ఎవరి భోషాణంలోనైనా పాత పంచాంగం మార్జిన్‌లో రాసుకున్న ఒక్క వాక్యం ఉంటే ఈ సందేహం తీరిపోతుంది.

తర్వాత బడులు. తండ్రి పోయాక చిన్నాన్న రామకృష్ణంరాజు గారు ఆ కుటుంబాన్ని ఆదుకున్నారు. పిల్లవాడి చదువు ఒకచోట సాగలేదు. కాకినాడ పిఠాపురం రాజా హైస్కూలు, నర్సాపురం టేలర్ హైస్కూలు, విశాఖ ఏవీఎన్ కాలేజీ అని పేర్లు వినిపిస్తాయి. ఆ కుటుంబానికి అది కష్టకాలమే. వెతికేవాడికి మాత్రం బడి మారిన ప్రతిసారీ ఒక కాగితం పుడుతుంది. అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, అంతకుముందు చదివిన బడి, చేరిన తేదీ, మానేసిన తేదీ రాస్తారు. నాకు తెలిసిన రిజిస్టర్లన్నీ అలాంటివే.

ఇక్కడ నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఒకటి చెప్పాలి. రిజిస్టర్‌లో ఉన్న పుట్టిన తేదీని వేదంలా నమ్మకూడదు. బడిలో చేర్చేటప్పుడు తేదీ తెలియక అంచనాగా వేయించడం మన దగ్గర మామూలే. రెండు బడుల రిజిస్టర్లలో ఒకే తేదీ ఉందని మురిసిపోకూడదు కూడా. రెండోది మొదటి బడి టీసీ చూసి ఎక్కించిందే అయితే అది రెండో సాక్ష్యం కాదు, మొదటిదానికి నకలు. అందుకే మొట్టమొదటి బడి ఏదో తేల్చడం ముఖ్యం. పేరు కూడా ఒకేలా ఉంటుందని అనుకోకూడదు. తాతగారి పేరు పెట్టారంటారు కాబట్టి శ్రీరామరాజు, రామరాజు, రామచంద్రరాజు అన్నీ చూడాలి. భీమవరం ప్రాంతం కాగితాలు వెతికేవారు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. అంతకుముందు ఆ తాలూకా కృష్ణా జిల్లాలో, దానికి ముందు పాత గోదావరి జిల్లాలో ఉండేది. ఇప్పటి జిల్లా పేరుతో అడిగితే ‘మా దగ్గర లేదు’ అనే అంటారు.

ఇలాంటి పనిమీదే ఒక పాత బడికి వెళ్తే గది తాళం తీయడానికి కూడా ఒప్పుకోలేదు. రిజిస్టర్లు కిందటి వానాకాలంలో తడిశాయని, ఎవరికీ చూపించమని చెప్పారు. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. నాకు చూపించకపోయినా ఫర్వాలేదు. తడిసిన రిజిస్టర్‌ని ఆరబెట్టి, పేజీ పేజీ ఫొటో తీసి పెట్టమని చెప్పేవాళ్లు లేకపోవడమే నన్ను కలచివేసింది. సమాచార హక్కు చట్టం 8(3) సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన విషయాల సమాచారాన్ని, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఇవ్వాల్సిందే. కానీ కాగితమే పుచ్చిపోయాక ఏ చట్టం ఏం ఇప్పిస్తుంది?

ఫొటోల గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యం. వెంకటరామరాజు గారి వృత్తే ఫొటోగ్రఫీ. రాజమండ్రిలో 1908కి ముందు తీయించుకున్న కుటుంబ ఫొటోలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉండే ఉంటాయి. దయచేసి వాటిని ఫ్రేములోంచి తీసి వెనక అట్ట చూడండి. తీసినవారి పేరో, ఊరో, తేదీయో ఉండొచ్చు. ఆ తండ్రి ఏ ఏడాది ఏ ఊళ్లో పనిచేశారో తెలిస్తే కొడుకు ఎక్కడ పెరిగాడో తెలిసినట్టే. అటక మీద పాత ఫొటోల నెగటివ్‌లుగా వాడిన గాజు ప్లేట్లు కనబడితే పాత సామానువాడికి వేయకండి.

పెద్దవాళ్ల జ్ఞాపకాలనూ రికార్డు చేయాలి, కానీ జాగ్రత్తగా. ఆయన గురించి 1974లో వచ్చిన సినిమా ఊరూరా ఆడింది. ఆ తర్వాత చెప్పిన జ్ఞాపకంలో ఏది విన్నదో, ఏది తెరమీద చూసిందో విడదీయడం కష్టం. సీత అనే అమ్మాయి మీద ప్రేమతో పేరు మార్చుకున్నారన్న కథ అలాంటిదేనా, దానికి ముందే వాడుకలో ఉందా అన్నది 1974కి ముందు అచ్చయిన కాగితాలు చూసి తేల్చాలి. పెద్దవాళ్లను ‘ఆయన ఇక్కడే పుట్టారు కదా?’ అని అడిగితే అవుననే అంటారు. ‘మీకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు?’ అని అడగాలి. జవాబు మన ఊరికి అనుకూలంగా లేకపోయినా అలాగే రాసుకోవాలి. ఔత్సాహికులకు అన్నిటికంటే కష్టమైనది ఇదే.

2022 జులై 4న భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహం పెట్టుకున్నాం. అదే ఏడాది ఆయన పేరుతో జిల్లా ఏర్పడింది. రెండూ గర్వపడాల్సినవే. ఆ ఖర్చులో చిన్న భాగంతో ఆయన చదివారంటున్న బడుల పాత రిజిస్టర్లు, రాజమండ్రి మునిసిపాలిటీ 1908 నాటి మరణాల పుస్తకం ఎక్కడున్నాయో వెతికించి, ఉన్నవాటిని స్కాన్ చేయించి అందరికీ అందుబాటులో పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఇప్పటికే ఎవరైనా వాటిని చూసి ఉంటే, చూశామని చెప్పడంతో ఆగకుండా ఆ పేజీ ఫొటో బయటపెట్టాలి.

మీ పత్రికకూ ఒక మనవి. వచ్చే జులై 4న ఆయన మీద ప్రత్యేక వ్యాసం వేసేటప్పుడు పుట్టిన ఊరు, సంవత్సరం పక్కన ఆ సమాచారం ఏ కాగితం నుంచి తీసుకున్నారో ఒక్క వాక్యం వేయండి. కాగితం ఏదీ లేకపోతే ఆ మాటే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు