అమ్మా, కింది మెట్లకి రెయిలింగ్ బిగించాను

కొలంబస్, ఒహాయో

అమ్మకి,

మేమంతా క్షేమం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తున్నావా, మానేశావా? నాన్నగారి బీపీ మాత్రలు అయిపోవస్తున్నాయని తమ్ముడు చెప్పాడు. ముందే తెప్పించి పెట్టమను.

ఆఫీసు మామూలే. మీ అల్లుడికి షిఫ్టు మారింది, ఇబ్బందేం లేదు.

మొన్న వీడియోలో మా బేస్‌మెంట్, అదే ఇంటి కింద నేల లోపలి గది, దాని మెట్లు చూసి "నేను రాలేనే, అక్కడ పడితే నిన్ను కూడా ఇబ్బంది పెట్టినదాన్నవుతా" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ పడక పైనే. కానీ వాషింగ్ మెషిన్, బియ్యం, పిల్లల ఆటలు అన్నీ కిందే. మనవలు కింద అరుస్తుంటే నువ్వు పైన కూర్చోగలవా?

అందుకే గోడకి రెయిలింగ్ బిగించాను. నేనే. కంగారు పడకు, మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకునే చేశాను. ఆ కాంక్రీటు పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మన ఇటుక గోడకైతే డ్రిల్లు పెట్టగానే ఎర్రపొడి రాలుతుంది, ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి స్క్రూ బిగిస్తే అయిపోతుంది. కిటికీ మీద లింటెల్ తగిలితే మాత్రం ఎలక్ట్రీషియన్ విసుక్కునేవాడు, గుర్తుందా? ఇక్కడ కింది గోడంతా ఆ లింటెల్ లాంటిదే. పోతపోసిన కాంక్రీటు, 8 అంగుళాల మందం. మామూలు డ్రిల్లుకి లొంగదు, తిరుగుతూనే సుత్తిలా కొట్టే హ్యామర్ డ్రిల్ కావాలి. స్క్రూలు నీలం రంగువి, టాప్‌కాన్ అంటారు. ప్లగ్గు అక్కర్లేదు, స్క్రూ మీది మరలే కాంక్రీటుని కోసుకుంటూ లోపలికి పోతాయి. పావు అంగుళం స్క్రూకి 3/16 అంగుళం బిట్టు వాడాలి. కన్నం కాస్త పెద్దదైతే పట్టు ఉండదు. లోతు మాత్రం స్క్రూ దిగే దానికన్నా ఇంకో పావు అంగుళమైనా ఎక్కువ ఉండాలి. లోపలి పొడినంతా ఊది, వాక్యూమ్ పెట్టి లాగేశాకే స్క్రూ తిప్పాను. పొడి మిగిలిపోతే స్క్రూ సగంలో బిగుసుకుని విరుగుతుంది.

ఇక్కడి రూలు ప్రకారం రెయిలింగ్ మెట్టు అంచు నుంచి 34, 38 అంగుళాల మధ్య ఎత్తులో ఉండాలి. నీ ఎత్తుకి సరిపోవాలని 34 దగ్గరే పెట్టాను. ఏ చోట పట్టుకున్నా 200 పౌండ్ల బరువు, అంటే 90 కిలోలు, ఆపాలి. మీ అల్లుడు వేలాడినంత పని చేశాడు, కదల్లేదు. రెండు చివరలూ గోడవైపు మళ్ళి ఉంటాయి, నీ చీర కొంగు తగులుకోదు.

పెద్దమ్మ ఏదో అందట కదా, గోడకి చిల్లులు పొడిస్తే నీళ్ళు దిగుతాయని. చిల్లు రెండంగుళాలు, గోడ ఎనిమిది. పగులున్న చోటు, తెల్లగా ఉప్పు పూసిన మూల నేను ముట్టుకోలేదు. ఆ ఉప్పు చెమ్మ వల్లే వస్తుంది. చూరు నీళ్ళు దించే పైపు గోడ పక్కనే వదులుతోంది, దాన్ని దూరంగా పొడిగించాలి. నువ్వు వచ్చేలోపు చేయిస్తా. అంతేగానీ భూమిలోపల ఉన్న ఇల్లు కదా అని అందరూ నిన్ను భయపెడుతుంటే నాకు కోపం వస్తోందమ్మా. చలికాలంలో ఇంట్లో అన్నిటికన్నా నాకు నచ్చే చోటు అదే.

పచ్చళ్ళ కోసం ఒక అర కూడా కొట్టాను. కాంక్రీటుకి ఆనిన చెక్క చెమ్మ పీల్చి కుళ్ళుతుంది, అందుకని గోడవైపు మందు పట్టించిన చెక్క వేశాను. ఆవకాయలో నా వాటా తీసిపెట్టు, మాగాయ కూడా.

నాన్నగారిని ఈ వారమే టికెట్లు తీసేయమను. వీల్‌చెయిర్ కావాలని టికెట్టు తీసేటప్పుడే రాయించండి. మొహమాటపడకు, డబ్బులేమీ అడగరు.

నీ చిన్ని